వాన కబురు చూసి తడి పెట్టడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం రైతులకు సమగ్ర మార్గదర్శి

“రెండు రోజుల్లో వాన అన్నారు, మోటారు ఆపేశాం, చుక్క పడలేదు.” “నిన్న సాయంత్రం దాకా నీళ్లు పెట్టాం, రాత్రి కుండపోత. వేసిన యూరియా అంతా గెడ్డలో (వాగులో) కలిసింది.” నన్ను అడిగేవాళ్లలో సగం మంది మొదటి మాట చెబుతారు, మిగతా సగం రెండోది. చివరికి అందరిదీ ఒకటే ప్రశ్న: వాతావరణ శాఖ చెప్పేది నమ్మాలా, వద్దా?

కబురును పూర్తిగా నమ్మడమో, పూర్తిగా కొట్టిపారేయడమో అవసరం లేదు. చెప్పింది ఎంత వాన, ఎక్కడ, ఎప్పటిలోగా అన్నది సరిగ్గా చదవాలి. మన పంట ఎన్ని రోజులు ఆగగలదో చూడాలి. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఎంత నీరు పెట్టాలో తేల్చుకోవాలి. ఈ పనిని వరసగా ఎలా చేయాలో కింద చెబుతున్నాను.

1. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- నిలువు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, స్కేలు ఒకటి
- 200 లీటర్ల డ్రమ్ము (అరువు తెచ్చుకున్నా చాలు)
- ఫోన్‌లో మేఘదూత్, మౌసమ్ (వాతావరణ శాఖ కబుర్ల యాప్), దామిని యాప్‌లు
- వరి రైతులకు అడుగు పొడవున్న పీవీసీ గొట్టం ముక్క
- ఒక నోటుబుక్, పెన్ను

మేఘదూత్‌లో తెలుగు ఎంచుకుని మీ జిల్లా పెట్టుకోండి. అందులో రానున్న ఐదు రోజుల వాన అంచనాతో పాటు పంటల సలహాలూ ఉంటాయి. ఆ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం మారుతుంటాయి. దామిని పిడుగుల కోసం. తడి పెట్టడానికి దాంతో పని లేకపోయినా, పొలంలో ఉన్నప్పుడు ప్రాణం కాపాడేది అదే. తప్పకుండా పెట్టుకోండి.

2. వాన కొలిచే డబ్బా

ఊళ్లో వాన పడిందంటే మన చేలో పడినట్టు కాదు. మండల కేంద్రంలో 30 మి.మీ. పడిన రోజున నాలుగు కిలోమీటర్ల అవతల నేల తడవకపోవచ్చు. అందుకే డబ్బా మన పొలంలోనే ఉండాలి.

పైన ఎంత వెడల్పో అడుగున కూడా అంతే ఉన్న డబ్బా తీసుకోండి. బకెట్‌లా కిందికి సన్నబడేది పనికిరాదు. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే అది మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ గీత గీసి, ఆ గీతనే సున్నా అనుకోండి.

చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టాలి. పక్కనున్న చెట్టు ఎంత ఎత్తో, కనీసం దానికి రెండింతల దూరంలో ఉండాలి. గాలికి పడిపోకుండా కర్రకు కట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి, సున్నా గీతకు పైనున్న నీళ్లు పారబోయండి. వాతావరణ శాఖ కూడా రోజువారీ వానను ఆ వేళకే లెక్కగడుతుంది కాబట్టి, మీ లెక్కనూ వాళ్ల లెక్కనూ పోల్చుకోవడం తేలిక.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే. ఒక మి.మీ. వాన అంటే ఎకరానికి సుమారు 4,047 లీటర్లు. సెంటు భూమికి 40 లీటర్లు. 25 మి.మీ. పడితే ఎకరానికి లక్ష లీటర్లు ఉచితంగా వచ్చినట్టే.

3. మీ మోటారు ఎంత పోస్తుందో కొలవండి

చాలామంది “పూట పెట్టాను”, “రోజంతా పెట్టాను” అని నీటిని గంటల్లో చెబుతారు. గంటకు ఎన్ని లీటర్లో తెలియకపోతే వానతో పోల్చడం కుదరదు.

డ్రమ్మును మోటారు గొట్టం కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోన్‌లో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, అంటే గంటకు 18 వేల లీటర్లు.

ఇప్పుడు విజయనగరం జిల్లాలో గజపతినగరం వైపు ఎర్ర నేలలో ఒక ఎకరం మొక్కజొన్న ఉందనుకుందాం. ఒక నిండు తడికి 40 మి.మీ. నీరు పెడితే లక్షా 62 వేల లీటర్లు కావాలి. ఈ మోటారు సరిగ్గా తొమ్మిది గంటలు నడవాలి. పగలు వచ్చే తొమ్మిది గంటల కరెంటూ దానికే సరి. మర్నాడు 16 మి.మీ. వాన పడితే, మూడున్నర గంటలకు పైగా తోడిన నీరు వృథా అయినట్టే. బోరు నీరు ఏటా కిందికి పోతున్న చోట ఇది చిన్న విషయం కాదు.

ఈ కొలత ఎండాకాలంలో మరోసారి తీసుకోండి. నీటిమట్టం తగ్గితే మోటారు పోసే నీరూ తగ్గుతుంది.

4. కబురును ముక్కలుగా చదవండి: ఎంత, ఎక్కడ, ఎప్పుడు

తేడా అంతా ఇక్కడే వస్తుంది. “ఉత్తర కోస్తాలో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు ఒకటి లేదా రెండు చోట్ల కురిసే అవకాశం ఉంది” అన్న వాక్యం ఏడాదిలో ఎన్నోసార్లు వింటాం. అందులో ‘వర్షాలు’ అన్నది ఒక్కటే చెవిన వేసుకుని మోటారు ఆపేస్తాం. ఆ వాక్యంలో ప్రతి మాటకూ లెక్క ఉంది.

ఎంత (24 గంటల్లో):

- తేలికపాటి: 2.5 నుంచి 15.5 మి.మీ.
- మోస్తరు: 15.6 నుంచి 64.4 మి.మీ.
- భారీ: 64.5 నుంచి 115.5 మి.మీ.
- అతి భారీ: 115.6 నుంచి 204.4 మి.మీ.
- అత్యంత భారీ: 204.5 మి.మీ., ఆపైన

ఎక్కడ (వాన కొలిచే కేంద్రాల్లో ఎన్నింటిలో పడొచ్చు):

- ఒకటి రెండు చోట్ల: నూటికి 25 వరకు
- కొన్ని చోట్ల: 26 నుంచి 50
- చాలా చోట్ల: 51 నుంచి 75
- దాదాపు అన్ని చోట్ల: 76, ఆపైన

ఇప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. కబురు అక్షరాలా నిజమైనా సరే, ప్రతి నాలుగు చోట్లలో కనీసం మూడు చోట్ల వాన పడదు. మీ చేలో పడకపోతే వాళ్లు తప్పు చెప్పినట్టు కాదు. పైగా ఉత్తర కోస్తా అంటే ఇచ్ఛాపురం నుంచి గోదావరి జిల్లాల దాకా. కాబట్టి ‘ఉత్తర కోస్తా’ అన్న కబురును మీ జిల్లా కబురుతోనూ, మేఘదూత్ అంకెలతోనూ సరిచూసుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఎప్పుడు: ‘ఈరోజు’ అంటే రేపు ఉదయం ఎనిమిదిన్నర దాకా. సాయంత్రానికి వాన రాలేదని కబురు తప్పిందనుకోకూడదు, రాత్రంతా ఇంకా మిగిలే ఉంటుంది.

రంగుల హెచ్చరికలు కూడా వస్తాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏదీ లేదని మాత్రమే. వాన అసలే రాదని కాదు.

5. ఏ కబురుకు ఎంత బరువివ్వాలి

అన్ని కబుర్లూ ఒకే తూకం కాదు. మన జిల్లాల్లో నేను పాటించే వరస ఇది.

బాగా నమ్మదగినది: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెప్పే ‘పొడి వాతావరణం’. బంగాళాఖాతంలో ఏ కదలికా లేనప్పుడు ఆ మాట చాలావరకు నిలుస్తుంది. వాన కోసం ఎదురుచూడకుండా తడి పెట్టేయండి.

ఆ తర్వాత: అల్పపీడనమో వాయుగుండమో దగ్గరికి వచ్చాక, ఒకటి రెండు రోజుల ముందు చెప్పే వాన. మేఘాల గుంపు పెద్దది కాబట్టి ‘చాలా చోట్ల’ అన్న మాటకు బలం ఉంటుంది. అయినా దారి మారొచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను గోపాల్‌పూర్‌కూ కళింగపట్నానికీ మధ్య అని ముందే చెప్పినట్టుగానే పలాస దగ్గర తీరం దాటింది. 2021 డిసెంబరులో జవాద్ మాత్రం ఉత్తరాంధ్ర వైపే వస్తుందని హెచ్చరించాక సముద్రంలోనే బలహీనపడి పూరీ వైపు తిరిగిపోయింది. హెచ్చరిక వచ్చినప్పుడు ప్రాణం, పంట కాపాడుకునే పనులు రెండు సందర్భాల్లోనూ చేయాల్సిందే. నీటి విషయంలో మాత్రం కబురును పూటపూటకూ తిరగేసి చూడాలి.

అన్నిటికన్నా తక్కువ నమ్మదగినది: ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే వాన. మధ్యాహ్నం దాటాక కొండల వైపు మేఘం కట్టి, గంటలో ఒక ఊరి మీద కుమ్మరించి పోతుంది. పక్క ఊరికి గాలి, దుమ్ము మిగులుతాయి. ఏ ఊరి మీద అన్నది ముందురోజు చెప్పడం ఎవరి వల్లా కాదు. అప్పుడు అక్కరకొచ్చేది మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ హెచ్చరిక, వాన మేఘాలు ఎక్కడున్నాయో చూపే రాడార్ బొమ్మ. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో విశాఖపట్నం రాడార్ చూడండి. సోంపేట, ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒడిశాలోని గోపాల్‌పూర్ రాడార్ దగ్గర. పదిహేను నిమిషాల తేడాతో రెండు బొమ్మలు చూస్తే మేఘం మనవైపు వస్తోందో, పక్కకు పోతోందో తెలుస్తుంది.

రోజులు పెరిగేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. రేపటి కబురు మీద తడి వాయిదా వేయొచ్చు. ఐదో రోజు కబురు మీద కూలీలను మాట్లాడుకోవడం లాంటి ఆలోచన చేసుకోవచ్చు గానీ, ఎండుతున్న పంటకు నీరు ఆపకూడదు. వాట్సాప్‌లో తిరిగే “ఈ నెల 20న భారీ తుపాను” లాంటివి అసలు లెక్కలోకి తీసుకోకండి.

6. నేలను చేత్తో చూడండి

పైన పొడిగా కనిపించినంత మాత్రాన వేళ్ల దగ్గర తడి లేదనుకోకూడదు. మొక్కకు పక్కగా జానెడు లోతు తవ్వి, అక్కడి మట్టిని పిడికిట నొక్కండి.

- ముద్ద కట్టి, వేలితో నొక్కినా విడిపోకపోతే తడి సరిపడా ఉంది.
- ముద్ద కట్టినా, నొక్కగానే విరిగితే రెండు మూడు రోజుల్లో తడి కావాలి. ఇసుక పాలు ఎక్కువున్న గరువు భూముల్లో అంత గడువు ఉండదు, రోజో రెండు రోజులో అనుకోండి.
- ముద్ద కట్టకుండా రాలిపోతే ఆగే వ్యవధి లేదు.

పంట దశ కూడా చూడాలి. మొక్కజొన్నకు జల్లు (మొక్క కొన మీది మగ పూత) వేసి పీచు వచ్చే దశ నుంచి గింజ పాలు పోసుకునే దాకా నీటి ఎద్దడి రాకూడదు. వరికి చిరుపొట్ట నుంచి పూత దాకా అంతే. ఈ దశల్లో వాన కోసం జూదం ఆడొద్దు.

7. నిర్ణయం: నిండుగా, సగం, లేదా ఆపడం

ఇప్పటిదాకా చూసినదంతా ఇక్కడ కలుస్తుంది. తడి పెట్టబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పంట ఎన్ని రోజులు ఆగగలదు? వాన ఎన్ని రోజుల్లో అంటున్నారు? ఎన్ని చోట్ల అంటున్నారు?

ఆపండి: నేల ఇంకా మూడు రోజులు ఆగగలిగి, రెండు రోజుల్లోపే ‘చాలా చోట్ల మోస్తరు’ అని చెప్పినప్పుడు. వాన రాకపోయినా ఒక రోజు చేతిలో ఉంటుంది.

సగం పెట్టండి: నేల ఒకటి రెండు రోజులే ఆగగలిగి, ‘కొన్ని చోట్ల’ అన్నప్పుడు. పైన చెప్పిన మొక్కజొన్నకు తొమ్మిది గంటలకు బదులు నాలుగున్నర గంటలు. వాన వస్తే ఇంకుతుంది, రాకపోతే మిగతా సగం పెట్టుకోవచ్చు. ఈ సగం తడిని మన రైతులు చాలా తక్కువ వాడుతున్నారు. కబురు అటూ ఇటూ ఉన్నప్పుడు ఇంతకన్నా మంచి దారి లేదు. సగం పెట్టేటప్పుడు చాలు విడిచి చాలుకు పెడితే నీరు చివరిదాకా అందుతుంది.

నిండుగా పెట్టండి: నేల రాలిపోతున్నప్పుడు, పంట కీలక దశలో ఉన్నప్పుడు, ‘ఒకటి రెండు చోట్ల’ అని మాత్రమే చెప్పినప్పుడు, లేదా చెప్పిన వాన నాలుగైదు రోజుల అవతల ఉన్నప్పుడు.

ఆపి, నీరు పోయే దారులు తెరవండి: భారీ వాన, నారింజ లేదా ఎరుపు హెచ్చరిక ఉన్నప్పుడు. మొక్కజొన్న మొదటి నెలలో నీళ్లు నిలిస్తే తట్టుకోలేదు.

తడి మాటతో పాటు ఎరువు మాట కూడా. రెండు రోజుల్లో భారీ వాన అంటే యూరియా వేయకండి.

8. వరి మడిలో వానకు చోటు ఉంచడం

వంశధార, నాగావళి కాలువల కింద వరి మడిని గట్టు అంచు దాకా నింపడం అలవాటు. మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో అన్న భయం వల్ల అలా చేస్తారు, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ నిండిన మడి మీద పడిన వాన ఒక్క చుక్క కూడా మనది కాదు.

గట్టు 15 సెం.మీ. ఎత్తుండి, మడిలో నీరు లేకపోతే 65 మి.మీ. భారీ వాన మొత్తం మడిలోనే ఆగుతుంది. అది ఎకరానికి 2 లక్షల 63 వేల లీటర్లు. అదే మడిలో ముందే 12 సెం.మీ. నీరుంటే సగానికి పైగా పొర్లిపోతుంది, ఎరువును కూడా వెంట తీసుకుపోతుంది.

ఎప్పుడు నీరు పెట్టాలో తెలుసుకోవడానికి గొట్టం పెట్టుకోండి.

- 30 సెం.మీ. పొడవు, 4 నుంచి 6 అంగుళాల వెడల్పున్న పీవీసీ ముక్క తీసుకోండి.
- కింది 15 సెం.మీ. మేర చుట్టూ చిన్న రంధ్రాలు వేయండి.
- గట్టుకు దగ్గరగా, మరీ మెరకా మరీ పల్లమూ కాని చోట ఆ 15 సెం.మీ. భాగాన్ని నేలలో దించండి.
- లోపలి మట్టి తీసేయండి. మడిలో నీరున్నప్పుడు లోపలి మట్టం, బయటి మట్టం ఒకటిగా ఉండాలి. లేకపోతే రంధ్రాలు పూడిపోయినట్టు, తీసి కడిగి మళ్లీ పెట్టండి.

ఉభాలు (నాట్లు) అయిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టండి. కలుపు ఎక్కువగా ఉంటే ఇంకో వారం ఆగండి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెం.మీ. కిందికి దిగినప్పుడే మడికి 5 సెం.మీ. నీరు పెట్టాలి. ఆ మట్టానికి చేరే వేళకు మంచి వాన కబురు ఉంటే, ఒకటి రెండు రోజులు ఆగడానికి ఇదే తగిన సమయం. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఈ పద్ధతి ఆపి, పలుచగా నీరు నిలవనివ్వండి. కోతకు పది రోజుల ముందు నీరు తీసేయండి.

వాన పడుతున్నప్పుడు మీ తూము మూసేయండి. వంశధార కాలువ నీరు అలా కిందికి పోతే టెక్కలి, పలాస వైపు శివారు ఆయకట్టుకు కాస్తయినా అందుతుంది. అక్కడి మడులు బీటలు వారుతుంటే ఎగువన నీరు గెడ్డల్లోకి పొర్లడం చూస్తే బాధేస్తుంది.

9. వాన పడ్డాక లెక్క

డబ్బాలో ఎంతుందో చూడండి. చలికాలంలో పంట, నేల కలిసి రోజుకు సుమారు 3, 4 మి.మీ. నీరు వాడుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో 5 నుంచి 7 దాకా. ఫిబ్రవరిలో 16 మి.మీ. పడితే తడిని నాలుగు రోజులు వాయిదా వేయొచ్చు. మేలో అదే వాన రెండు మూడు రోజులకే సరి.

5 మి.మీ. లోపు పడిన వానను లెక్కలోకి తీసుకోకండి. అది ఆకుల మీద, పైమట్టిలో ఆరిపోతుంది. అరగంటలో దంచికొట్టిన వానలో కొంత పారిపోతుంది కాబట్టి, మళ్లీ జానెడు తవ్వి చూడండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

ఆటో స్టార్టర్‌ను అలాగే వదిలేయడం. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, వానలో కూడా. మబ్బు పట్టిన రోజున, ఊరికి వెళ్లే రోజున ఆటో తీసేసి చేతి మీదికి మార్చండి. నీటి వృథాలో పెద్ద వాటా దీనిదే అని నా అభిప్రాయం.

ఒకే కబురును ఉదయం చూసి మళ్లీ చూడకపోవడం. ఉదయం ఒకసారి, మోటారు వేసే ముందు ఒకసారి చూడండి.

ఒక యాప్ వాన అంటే, ఇంకోటి లేదంటే, మనకు నచ్చినదాన్ని ఎంచుకోవడం. అలాంటప్పుడు సగం తడి పెట్టండి.

వాన వస్తే కరెంటు పోతుందన్న భయంతో ముందే నీళ్లు పెట్టేయడం. నేల తడిగా ఉంటే కరెంటు పోయినా పంటకు ఏమీ కాదు. ఆ టెన్షన్ పడే ముందు పిడికెడు మట్టి తీసి చూడండి.

11. కబురు ఎంత నిజమైందో నోటుబుక్‌లో రాయడం

రోజుకు ఒక వరస చాలు: తేదీ, నిన్న చెప్పిన కబురు, డబ్బాలో కొలిచిన వాన, పెట్టిన తడి ఎన్ని గంటలు.

సీజన్ అయ్యాక రెండు లెక్కలు విడివిడిగా తీయండి. వాన వస్తుందన్న రోజుల్లో ఎన్నిసార్లు 5 మి.మీ. దాటింది? రాదన్న రోజుల్లో ఎన్నిసార్లు పడింది? రెండూ కలిపేస్తే తప్పుదారి పడతాం. జనవరిలో రోజూ “వాన లేదు” అంటే ఎవరు చెప్పినా దాదాపు ప్రతిరోజూ నిజమవుతుంది. దాన్ని చూసి ఆ యాప్ గొప్పదనుకుంటే జూన్‌లో దెబ్బతింటాం. అందుకే ఖరీఫ్‌కూ రబీకీ, ‘ఒకటి రెండు చోట్ల’కూ ‘చాలా చోట్ల’కూ వేర్వేరు పేజీలు పెట్టండి.

వీలైతే ఊళ్లో నాలుగు దిక్కులా నలుగురు రైతులు డబ్బాలు పెట్టుకుని, ఉదయం తొమ్మిదికల్లా అంకెలు ఒకరికొకరు పంపుకోండి. ఊళ్లో ఏ వైపు ఎంత పడిందో ఆ పూటే తెలుస్తుంది, ఆ రోజు ఎవరి మోటారు వేయాలో, ఎవరిది ఆపాలో తేల్చుకోవచ్చు. పెట్టిన గంటల గడి మాత్రం ఖాళీగా వదలొద్దు. నీళ్లు పెట్టని రోజున కూడా సున్నా అని రాయండి.